అతుక్కోని నెత్తురు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మిషన్ ఒకటి చెబుతోంది, స్లైడు ఇంకోటి చెబుతోంది, దేన్ని నమ్మాలి?" అని. "ముందు ఆ రోగి ముఖం చూశావా నాయనా?" అంటాను. ముఖం చూడడం మన పని కాదనుకుంటారు. వాళ్లననేదేముంది, మేమూ అట్లాగే మొదలయ్యాం. నెత్తురు లోపలికి వస్తుంది, మనిషి బయట బల్ల మీద కూర్చుంటాడు, మధ్యలో ఒక కిటికీ. రిటైరయ్యేదాకా నేను ఆ కిటికీకి ఇవతలే ఉన్నాను.

అవతల బల్ల మీద కూర్చున్న ఒక పిల్ల గురించీ, ఆ పిల్ల అవ్వ గురించీ మీకు చెప్పాలి. ఏ ఆసుపత్రి అని మాత్రం అడగొద్దు. గిద్దలూరుకూ మార్కాపురానికీ నడుమ ఎక్కడో అనుకోండి. చిన్న ఆసుపత్రి, అంతకంటే చిన్న ల్యాబు.

నేను పొదిలిలో కిరాణా దుకాణం వాళ్లింటి పిల్లను. మా దుకాణంలో చింతపండు తప్ప ఏ సరుకూ ఒకదానికొకటి అంటుకోకూడదు. ఆ శుభ్రం పిచ్చితోనే ల్యాబు పనిలోకి వచ్చాను. అక్కడ నాకంటే ముదిరిన పిచ్చి ఉన్న మనిషి దొరికారు. ఆయన మా పెద్ద టెక్నీషియన్. డాక్టర్ల నుంచి ఊడ్చే ఆమె దాకా అందరూ పెద్ద సారు అనేవాళ్లు. నల్లమల అంచు ఊళ్ల మలేరియా స్లైడ్లు చూసీ చూసీ ఆయన ఎడమ కన్ను ఎప్పుడూ చికిలించే ఉండేది. టీ తాగేటప్పుడు కూడా ఆ కన్ను పూర్తిగా తెరిచేవారు కాదు. గ్లాసులో ఏదో కణం కనిపిస్తుందేమోనని మేము నవ్వుకునేవాళ్లం.

నెత్తురు చుక్కను అద్దం మీద పరచడం ఆయనకు ముగ్గు పెట్టడం లాంటిది. "చెయ్యి ఆగిందా, పాయె" అనేవారు. ఇక్కడ ఒక్క సంగతి చెప్పకపోతే ముందు కథ అర్థం కాదు. నెత్తురులో ప్లేట్‌లెట్లని చిన్న చిన్న కణాలుంటాయి. గాయమైన చోట అవి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టి నెత్తురును ఆపుతాయి. వేలికొసన పొడిచి తీసిన చుక్కలో కూడా అవి అదే పని చేస్తాయి. కాస్త ఆలస్యమైతే చాలు, అద్దం మీదే గుంపులు కడతాయి. గుంపులైతే లెక్క తేలదు. అందుకని చుక్క పడీపడగానే పరిచి, విసనకర్రతో ఆరబెట్టి, ఆ కణాలను ఎంత విడివిడిగా నిలిపితే అంత మంచి చెయ్యి అని మా లోకంలో పేరు. ఎంత మంచి చేతికైనా నాలుగు గుంపులు పడకుండా పోవు.

పెద్ద సారు చేతికి ఒకసారి ఒక్క గుంపు కూడా పడలేదు.

ఆ స్లైడు చూసి ఆయన నన్ను పిలిచారు. "రామ్మా, చూడు. సన్నబియ్యం వండినట్టు లేదూ?" నిజంగా అట్లాగే ఉంది. ప్రతి ప్లేట్‌లెట్టూ దేనికది పొడిపొడిగా ఉంది. లెక్క కూడా సరిగ్గా ఉంది. ఆయన దాని మీద మైక్రోస్కోపు కోసం వేసిన నూనె తుడిచి, దూదిలో చుట్టి, సొరుగులో విడిగా పెట్టారు. శిక్షణకు వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి రోజు అదే చూపించేవారు. "స్లైడంటే ఇది. నేర్చుకుంటే ఇట్ల నేర్చుకోండి, లేకపోతే పోయి కండక్టరు పరీక్ష రాయండి" అనేవారు. నేనూ వెనక నిలబడి గర్వంగా తల ఊపేదాన్ని.

ఆ నెత్తురు పెద్దారవీడు వైపు ఊరి నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లది. ముక్కు నుంచి నెత్తురు కారుతుంటే వాళ్ల అవ్వ కొంగు అడ్డం పెట్టి తీసుకొచ్చింది. పిల్ల తల్లీ తండ్రీ హైదరాబాదులో ఇళ్లు కట్టే పనికి పోయారు. ఒకప్పుడు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు ఆ చుట్టుపక్కల ఊళ్లకు కూడు పెట్టాయి. అవ్వ కూడా పలకలకు చెక్క కట్లు బిగించే పని చేసిందట. పిల్లలు పలక మీద రాయడం మానేశాక ఆ ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి, కూలీలు ఊళ్లు దాటారు. పిల్లను అవ్వ పెంచుతోంది. పొలం పని, ఆదివారం చర్చి, అప్పుడప్పుడు మా బల్ల.

పాలపన్ను ఊడితే ఆ పిల్ల చిగురు రోజంతా కారేది. గట్టిగా పట్టుకుంటే చేతి మీద నల్లగా కమిలేది. వచ్చిన ప్రతిసారీ మేము నెత్తురు చూసేవాళ్లం, లెక్క బాగుందని రాసేవాళ్లం, డాక్టరు బలానికి మందు ఇచ్చి పంపేవారు. మామూలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టించేటప్పుడే ఇట్లాంటివి బయటపడతాయి. వీళ్లది నగలు పెట్టుకోని చర్చి సంఘం. ఆ పిల్ల చెవులకు సూది తగల్లేదు, మాకు ఆ ఆధారమూ లేకపోయింది. ఒకసారి అవ్వ కిటికీలోంచి తల పెట్టి అడిగింది: "లెక్క బాగుంటే నెత్తురెందుకు నిలవదు నాయనా?" పెద్ద సారు కన్ను చికిలించి, "లెక్క బాగుంటే బాగున్నట్టే అవ్వా" అన్నారు.

ఇట్లా ఉండగా ఒక నగరం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. నా కూతురు వయసు ఉంటుంది. పిల్లల్లో పుట్టుకతో వచ్చే నెత్తురు జబ్బుల మీద పని చేస్తోంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన వైపు అట్లాంటివి దొరుకుతాయని ఊరూరూ తిరిగి ఆసుపత్రుల్లో విచారిస్తోంది. మా డాక్టరమ్మ ఆమెను ల్యాబు చూడమని పంపింది. ఊరికే పంపిస్తే ఎట్లా అని పెద్ద సారు సొరుగు తెరిచి తన స్లైడు చూపించారు. ఇంటికొచ్చిన వాళ్లకు కొత్త చీర చూపించినట్టే చూపించారు.

ఆమె కన్ను పెట్టి చాలాసేపు చూసింది. పెద్ద సారు మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.

"సార్, ఇది గడ్డకట్టకుండా మందు కలిపిన ట్యూబులోంచి తీశారా, నేరుగా వేలి నుంచా?"

"నేరుగా వేలి నుంచే. అదే గదా పనితనం."

ఆమె తల ఎత్తింది. "వేలి నుంచి తీస్తే ఎవరి చేతిలోనైనా కొన్ని అతుక్కోవాలి సార్. ఇవి అతుక్కోలేదు. అతుక్కోవడం వీటికి రాదేమో. ఈ నెత్తురు ఎవరిది?"

ఆ మాట మాకు దిగడానికి కాసేపు పట్టింది. మేము ఇంతకాలం ముచ్చటపడి పిల్లలకు చూపించిన అందం ఆ పసిదాని జబ్బు. లెక్కకు అందరూ ఉన్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్లే లేరు. పెద్ద సారు స్టూలు మీద కూర్చుండిపోయారు. రెండు కళ్లూ పూర్తిగా తెరిచి ఉండగా ఆయన్ని నేను చూసింది అప్పుడే. "అవ్వ అడిగింది గదమ్మా, అడిగింది గదా" అని మాత్రం అన్నారు.

పిల్లను పిలిపించాం. ఆ పరిశోధకురాలు నెత్తురు గాజు ట్యూబులో తీసి గోరువెచ్చటి నీళ్లలో పెట్టింది. మామూలు నెత్తురైతే గడ్డకట్టాక ముడుచుకుని, పెరుగు మీద నీళ్లు తేరినట్టు పక్కన నీరు ఊరుతుంది. పక్కనే పెట్టిన నా నెత్తురు అట్లాగే చేసింది. పిల్లది ఎంతసేపైనా ముడుచుకోలేదు. తర్వాత నగరంలో పెద్ద పరీక్షలు చేసి అదేనని ఖాయం చేశారు. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు లోపం కలిస్తే వచ్చే జబ్బు. పిల్ల అమ్మానాన్నలది మేనరికమే.

ఇంటిల్లిపాది నెత్తురూ పరిశోధనకు కావాలని ఆమె అడిగింది. మూలకణాలని ఉంటాయని, వాటిలోని లోపం సరిచేసి, వాటి చేత మంచి ప్లేట్‌లెట్లు పుట్టించాలని తమ ప్రయత్నమని చెప్పింది. అవ్వ అంతా విని, "అయితే ఎప్పుడు బాగైతాది?" అంది. "ఈ పరిశోధన మీ పిల్లకు అందుతుందని చెప్పలేనవ్వా. ముందు ముందు పుట్టే పిల్లలకు పనికిరావచ్చు" అంది ఆ అమ్మాయి. అబద్ధం చెప్పి నెత్తురు తీసుకునేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు గౌరవం కలిగింది. అవ్వ చెయ్యి చాపింది. "పుట్టేవోళ్లు గూడా ఎవురో ఒకరి పిల్లలే గదా, తీసుకో తల్లీ." ఆ పరిశోధనలు ఇంకా సాగుతూనే ఉన్నాయని పేపర్లలో చదువుతుంటాను. మన పెద్దారవీడు దాకా ఇంకా రాలేదు.

అప్పుడే మా డాక్టరమ్మ అవ్వకు జాగ్రత్తలు చెప్పింది. నొప్పి మాత్రలు మింగించొద్దంది, దెబ్బ తగలకుండా చూడమంది. చివరగా, "పిల్ల పెద్దమనిషి అయినరోజు మాత్రం ఆలోచించకుండా తీసుకురా. ఆ నెత్తురు దానంతటది ఆగదు. ప్రాణం మీదికి వస్తుంది" అంది. అవ్వ ముఖం ఒక్కసారిగా మూసుకుపోయింది. "ఆ సంగతి నాకు తెలుసు లేమ్మా. నేను చూసుకుంటా" అంది. సిగ్గుపడిందనుకున్నాం.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున ఆ ఊరి ఆశా కార్యకర్త నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఆ పిల్ల పెద్దమనిషి అయినట్టుండాది. నిన్ననో మొన్ననో తెలీదు. అవ్వ నన్ను గడప తొక్కనీయడంల్యా. దండెం మీద గుడ్డలు చూస్తే నాకు భయమైతాంది."

పెద్ద సారుకు చెప్పాను. ఆయన చేతిలో స్లైడు అట్లాగే బల్ల మీద పెట్టి, "జీపు తియ్యమను" అన్నారు. ల్యాబు వాళ్లు ఊళ్లోకి పోయి రోగిని తెచ్చే పద్ధతి ఎక్కడా లేదు. ఆ మాట నేనూ అనలేదు, ఆయనా అనలేదు.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"మీరెందుకొచ్చినారు? పిల్ల బాగానే ఉండాది."

"ఒక్కసారి చూసిపోతానవ్వా" అన్నాను.

"మొదటిసారి అట్లనే పోతాది. ఏం గాదు. నేను నువ్వులు ముట్టనీలా. బెల్లం ముట్టనీలా. చిమ్మిలి అన్న మాటే ఇంట్లోకి రానీలా. ఏం గాదు తల్లీ, నేను జాగర్తగా ఉండా."

నాకు ఒళ్లు మండింది. పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం మన వైపు అందరిళ్లలోనూ ఉన్నదే. ఒకరు పెట్టకపోతే పెట్టకపోయారు, దానికీ దీనికీ ఏం సంబంధం? "నువ్వులేందవ్వా, ప్రాణం పోతుందని చెప్పాం గదా!" అని అరిచి, ఆమెను దాటుకుని లోపలికి పోయాను.

పిల్ల మూలన ఈత చాప మీద కూర్చుని గోడకు ఆనుకుంది. పెదవులు సున్నంలా ఉన్నాయి. "అక్కా, కండ్లు తిరుగుతాండాయి" అంది. నాడి పట్టుకున్నాను, వేలి కింద పరుగెత్తుతోంది. నేను నెత్తురు చూసి భయపడే మనిషిని కాదు, అది నా కూడు. ఆ చాప చూసి భయపడ్డాను.

ఎత్తుకుందామని వంగితే అవ్వ అడ్డం వచ్చింది. "స్నానం గాకుండా గడప దాటిస్తే కీడు. మేనమామ రాలా, ఏమీ గాలా. నేను పంపను." ఆ మాటలు నాకు కొత్త కాదు. గుడికి పోయే మా ఇంట్లోనైనా, చర్చికి పోయే వాళ్లింట్లోనైనా ఆ మూల ఒక్కటే. మా అమ్మ నన్ను కూర్చోబెట్టినప్పుడు కాకి కూడా నన్ను చూడకూడదంది.

నేను మళ్లీ అరవబోయాను. పెద్ద సారు బయటి నుంచే పలికారు. గడప లోపలికి ఆయన చూపు కూడా రాలేదు.

"అవ్వా, కూర్చోబెట్టాల్సింది మూలన. అది నీ ఇంటి మూలే కావాలని ఎవురన్నా చెప్పినారా? మా ఆసుపత్రిలో ఆడోళ్ల వార్డుకు నాలుగు మూలలుండాయి. నీకు ఏది నచ్చితే అది తీసుకో."

అవ్వ ఆలోచనలో పడింది. "చాప?"

"చాప గూడా తెచ్చుకో. మంచం మీద అదే పరుద్దాం."

"మొగోళ్లు చూడగూడదు."

"నేను డ్రైవరు పక్కన కూర్చుంటా. ఎనక్కు తిరగను. డ్రైవరు తిరిగితే వాని మెడ నేను పట్టుకుంటా."

పిల్లకు దుప్పటి ముసుగు వేసి నేనూ ఆశా కార్యకర్తా మోశాం. అవ్వ చాప చుట్టుకుని వెనక ఎక్కింది. దారి పొడుగునా ఆ పెద్దాయన మెడ తిప్పలేదు. పిల్ల ఒకచోట మూలిగితే భుజాలు మాత్రం కదిలాయి.

డాక్టరమ్మ సూదులూ మాత్రలూ వెంటనే మొదలుపెట్టింది. ప్లేట్‌లెట్ల సంచులు మాత్రం పెద్ద ఊరి నుంచి రావాలి. పరిశోధకురాలికి ఫోన్ చేస్తే ఆమే ఎవరెవరినో పట్టుకుని ఏర్పాటు చేసింది. అవి వచ్చేదాకా చేయగలిగింది ఏమీ లేదు. నేను ల్యాబుకీ వార్డుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చచ్చిపోతుందేమోనని భయం వేసింది, అంతే, ఇంకో మాటలో చెప్పలేను. పొద్దు వాలే వేళకు సంచులు వచ్చాయి. పలుచటి మజ్జిగ పులుసు రంగులో ఉన్న ఆ ద్రవం చుక్క చుక్కగా పిల్ల చేతిలోకి దిగుతుంటే పెద్ద సారు వార్డు తలుపు బయట, వీపు ఇటు పెట్టి నిలబడి, "దిగుతాందా? దిగుతాందా?" అని అడుగుతూనే ఉన్నారు. నెత్తురు తగ్గుముఖం పట్టింది. మర్నాటికి పిల్ల పెదవులకు కాస్త రంగు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మేనమామ వచ్చాడు. అవ్వ కొడుకు, బండల లారీకి పోతాడు. కొత్త ఈత చాప, చీర, ఒక టిఫిన్ డబ్బా తెచ్చాడు. "మా ఇంట్లోది చేసి పంపింది, బలం గదా" అని డబ్బా మూత తీశాడు. నువ్వుల వాసన వార్డంతా కమ్మగా వచ్చింది.

అవ్వ ఒక్క పెట్టున లేచి ఆ డబ్బాను చేత్తో కొట్టింది. చిమ్మిలి ఉండలు మంచాల కిందికి దొర్లాయి. "దీన్ని గూడా సంపుదామనుకున్నావా రా?"

మేనమామ నోరు తెరిచి నిలబడ్డాడు. అవ్వ వరండాలోకి పోయి కూలబడింది. నేను వెనకే పోయాను. తలుపు దగ్గర ఉన్న పెద్ద సారూ వచ్చారు. అడగకుండానే చెప్పింది.

"నాకు ఇంగో కూతురుండె తల్లీ. దీనమ్మ కంటే పెద్దది. నేను పలకల ఫ్యాక్టరీలో పని చేసే కాలం. పిల్ల పెద్దమనిషి అయిందని సంబరపడి, పని మానుకుని, నేనే నువ్వులు దంచినా. పూటపూటకూ పెట్టినా. వద్దు మా అంటే నోట్లో కుక్కినా. నువ్వులు వేడి గదా. ఆ వేడికి నెత్తురు ఇరిగి పారింది. చాప మీదనే పోయింది. వీడప్పుడు చంటోడు, వీనికి తెలీదు. అంత చిమ్మిలి ఎందుకు పెట్టినావని ఊరంతా అన్నారు. నిజమే గదా. నా చేత్తోనే పెట్టినా. ఆ పొద్దు నుంచి నా ఇంట్లో నువ్వు గింజ లేదు. దీనికి పెట్టకుంటే దీనికేం గాదనుకుంటి."

నేను గుమ్మంలో ఆమె మీద అరిచిన అరుపు నాకే వినపడింది. ఆమె మా మాట పెడచెవిన పెట్టలేదు. మేము చెప్పకముందే ఆ ప్రమాదం ఆమెకు తెలుసు. కారణం తనేనని నమ్మింది, ఆ కారణాన్ని ఇంట్లోకి రానివ్వకుండా కాపలా కాసింది.

అవ్వ కాసేపటికి తల ఎత్తింది. "అద్దంలో చూసినారు గదా దీని నెత్తురు. దాందీ ఇట్లాంటి నెత్తురేనా?"

చూడని నెత్తురుకు రిపోర్టు ఇవ్వకూడదు. నాకు ఆ పాఠం చెప్పింది పెద్ద సారే. ఆయన వైపు చూశాను. ఆయన తల ఊపారు.

"అదే జబ్బు అవ్వా" అన్నాను. "ఒకే ఇంటి నెత్తురు. నువ్వు పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే. చిమ్మిలి కాదు. నువ్వు కాదు."

అవ్వ ఏడవలేదు. ఆ మాటను మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు లేచి వార్డులోకి పోయింది. డబ్బా అడుగున ఒక ఉండ మిగిలి ఉంది. "పెట్టొచ్చా?" అని డాక్టరమ్మను అడిగింది. చిగుళ్లకు గుచ్చుకోకుండా మెత్తగా చేసి కొంచెం పెట్టమంది డాక్టరమ్మ. అవ్వ వేళ్ల మధ్య నలిపి నలిపి, పసిపిల్లకు ఉగ్గు పెట్టినట్టు మూలన చాప మీదున్న పిల్ల నాలుక మీద పెట్టింది. పిల్ల చప్పరించింది, కళ్లు విప్పార్చి చూసింది.

"ఏందవ్వా ఇది, ఇంత బాగుండాది? ఇన్నాళ్లూ నాకెందుకు పెట్టలా?"

అవ్వ ఇంకో ముక్క నలపడం మొదలుపెట్టింది.